శ్రుతుల గుణములు: స్వభావమా, ఆచారమా?

ఏడుపుమొగము పెట్టిన పిల్లవానిని చూచి "ముఖారి యెత్తుకొన్నాడు" అనుట మన తెలుగిండ్లలో పరిపాటి. సంగీతము బొత్తిగా నేర్వనివారికి సైతము ముఖారి యనగా దుఃఖమని తెలియును. ఆ రాగము నొకమారైనను విని గుర్తింపలేనివారును దాని గుణమును నిర్ణయింపగలరు. ఆహిరిని ఉదయమున పాడినవానికి ఆనాడు అన్నము దొరకదను మాటయు దక్షిణదేశపు గాయకులలో చిరకాలముగా వ్యాపించియున్నది. నీలాంబరి ఉయ్యాలకు, బిలహరి తెల్లవారుజామునకు అని కట్టడులు కలవు. ఇట్టి మాటలలో కొన్ని రసజ్ఞుల యనుభవమునుండి పుట్టినవి. కొన్ని వట్టి భయమునుండి పుట్టినవి. ఈ రెండింటిని వేరుచేయుట యెట్లు? దుఃఖము ధ్వనియందే యున్నదా? లేక దుఃఖవేళల వినివిని మన చెవియే ధ్వనికి దుఃఖము నంటగట్టినదా?

ఈ ప్రశ్న మనకు మాత్రమే కలిగినది కాదు. ఐరోపాఖండమున గ్రీకులనాటినుండియు దీనినిగూర్చి పండితులు వాదించుచు వచ్చిరి. ముందుగా వారి వాదమును పరిశీలించుట మేలని మా యభిప్రాయము. ఏలయన, పరుల యింటి యాచారమును పరీక్షించునపుడు మన చూపు నిర్మలముగా నుండును. ఆ చూపుతోనే తరువాత మన యింటిని చూచుకొనవచ్చును.

మొదట ఒక విషయము స్పష్టము చేయవలసియున్నది. పాశ్చాత్యులు 'కీ' యని పిలుచునది మన రాగము వంటిది కాదు. పియానోయందును, మన యిండ్లలోని హార్మోనియమునందును ఒక స్థాయిలో 12 మెట్లు గలవు. వానిలో దేనినైనను షడ్జముగా నిలుపుకొనవచ్చును. ఆ షడ్జముపై వారు కట్టు మేళములు ముఖ్యముగా రెండు: మేజరు, మైనరు. మేజరు మన శంకరాభరణమేళమునకు సమానము. మైనరు మన నఠభైరవికిని, దాని రూపాంతరములు కీరవాణికిని గౌరీమనోహరికిని సమీపములు. షడ్జములు 12, మేళములు 2. వెరసి 24 'కీ' లేర్పడును. మన గాయకుల వాడుకను బట్టి ఈ వ్యాసమున వానిని శ్రుతు లందుము. సి మేజరనగా సి యను మెట్టును షడ్జముగా గొనిన శంకరాభరణమేళము. ఇ మేజరనగా ఆ మేళమునే నాలుగు మెట్లు పైకి జరిపి పలికించుట. మేళమొక్కటే, ఎత్తు మాత్రమే వేరు. ఇట్లుండగా ఒకటి ప్రేమను, మరియొకటి క్రౌర్యమును తెలుపునని చెప్పవచ్చునా యనునదియే ఐరోపావారి వివాదము.

గ్రీకులకాలమున ఈ 24 శ్రుతుల యేర్పాటు లేదు. వారు దేశములపేర, జాతులపేర కొన్ని మేళములను వాడుచుండిరి. క్రీస్తుపూర్వము నాలుగవ శతాబ్దమున ప్లేటో తన 'రిపబ్లిక్' గ్రంథము మూడవ భాగమున, ఆదర్శరాజ్యమున ఏ మేళము లుండవలయునో విధించెను. శోకమును పుట్టించునవని మిక్సోలిడియను మున్నగువానిని వెడలగొట్టెను. అవి పురుషులకు మాత్రమే కాదు, మర్యాదగల స్త్రీలకును తగవనెను. మెత్తదనమునకును పానగోష్ఠులకును తోడగునవని ఐయోనియనును, లిడియనులో కొన్ని భేదములను త్రోసివేసెను. ధీరునకును వినీతునకును దగినవని డోరియను, ఫ్రిజియను అనువానిని మాత్రము నిలుపుకొనెను. ఆతని శిష్యుడగు అరిస్టాటిల్ 'పాలిటిక్స్' గ్రంథము ఎనిమిదవ భాగమున దీనిని ఖండించెను. ఫ్రిజియను ఆవేశమును, ఉద్రేకమును రేపునదని ఆతని మతము. సన్నాయివంటిదగు ఆలోసను వాద్యమును నిషేధించి, దాని కన్నివిధముల తోడగు ఫ్రిజియనును నిలుపుట పొసగదని ఆతడు వాదించెను. ఒకే నగరమున ఒకే సంగీతమును వినిన గురుశిష్యులకు ఒకే మేళమున ఒకరికి వినయమును, మరియొకరికి ఉన్మాదమును వినవచ్చెను! స్వరమునందు గుణము సహజముగా నుండినచో ఇంతటి భేదము కలుగునా?

దీనికి మించిన వింత మరియొకటి జరిగెను. మధ్యయుగమున క్రైస్తవాలయముల సంగీతమును శాస్త్రబద్ధము చేసినవారు ఈ గ్రీకు పేర్లనే గైకొని వేరు మేళములకు పెట్టుకొనిరి. ప్రాచీనుల డోరియను వేరు, వారి డోరియను వేరు. ఐనను ప్రాచీనుల పొగడ్తలు పేరుతోపాటు కొత్త మేళములకును అంటుకొనెను. మనిషి మారినను యోగ్యతాపత్రము మారలేదన్నమాట.

ఇక మేజరు, మైనరు శ్రుతులు స్థిరపడిన కాలమునకు వత్తము. 1690 ప్రాంతమున ఫ్రాన్సు దేశపు సంగీతకర్త షార్పాంటియే శిష్యబోధకై వ్రాసిన నియమములలో శ్రుతుల గుణములను ఒక పట్టికగా నిచ్చెను. 1713లో హాంబర్గు నగరమున మాథెసన్ అను జర్మను విద్వాంసుడు, ఆనాడు విరివిగా వాడబడుచుండిన 17 శ్రుతులను వర్ణించెను. 1722లో ఫ్రాన్సున రామో తన స్వరసంవాదశాస్త్రగ్రంథమున మరియొక పట్టిక చేర్చెను. అటుపిమ్మట జర్మనుకవి షూబార్ట్ వ్రాసిన పట్టిక వీని యన్నిటికంటె ప్రసిద్ధి కెక్కెను.

షూబార్ట్ చరిత్రము కొంచెము చెప్పదగినది. వుర్టెంబర్గు ప్రభువు నధిక్షేపించిన కారణమున ఆతనిని 1777లో హోహెనాస్పెర్గు కోటలో నిర్బంధించిరి. న్యాయవిచారణ లేకయే పదియేండ్లు, 1787 వరకు, ఆతడు చెఱలో నుండెను. ఆ చెఱలోనే 1784, 1785 సంవత్సరములలో సంగీతరసమునుగూర్చిన తన భావములను చెప్పి వ్రాయించెను. 1791లో ఆతడు మరణింపగా, కుమారుడు 1806లో ఆ గ్రంథమును అచ్చొత్తించెను. ప్రతి శ్రుతికిని ఒక మనఃస్థితిని కేటాయించిన ఆ పుటలను చదువునపుడు, లోకమును వినుటకు వీలులేని యొక మనుజుడు తనలోనే లోకమును పంచిపెట్టుకొనుచున్నట్లు మాకు తోచును. ఆతని కవిత్వమును మేము కాదనము. కాని కవిత్వము వేరు, ప్రమాణము వేరు.

ఈ నలుగురి సాక్ష్యములను ప్రక్కప్రక్కన పెట్టి చూతము. ఎఫ్ మేజరు: షార్పాంటియేకు అది ఉగ్రము, ముక్కోపము; రామోకు తుపానులకును రోషమునకును తగినది; మాథెసనుకు ఔదార్యము, స్థైర్యము, ప్రేమ మున్నగు సద్భావముల నెల్ల పలుకునది; షూబార్టుకు ప్రశాంతి. ఇ మేజరు: మొదటివానికి కలహము, అరపు, రామోకు గంభీరము, లేదా కోమలోల్లాసము, మాథెసనుకు తీరని నిరాశ, షూబార్టుకు కేరింతలు కొట్టు సంతోషము. ఇ-ఫ్లాటు మేజరు: షార్పాంటియేకు క్రూరము, కఠినము, మాథెసనుకు కరుణగంభీరము, షూబార్టుకు ప్రేమ, భక్తి, దైవముతో ఏకాంతసంభాషణము. ఆ చివరిదానికి షూబార్ట్ చూపిన హేతువు గమనింపదగినది: ఆ శ్రుతిని వ్రాయునపుడు మూడు ఫ్లాటు గుర్తులు వాడుదురు గనుక అది క్రైస్తవుల త్రిమూర్తితత్త్వమును సూచించునట! కాగితముమీది గుర్తులను కన్ను లెక్కించును గాని చెవి లెక్కింపదు గదా. న్యాయస్థానమున నలుగురు సాక్షులు ఒకే మనుష్యుని గూర్చి ఒకడు శాంతుడనియు, ఒకడు క్రూరుడనియు, ఒకడు ఉదారుడనియు, ఒకడు ముక్కోపియనియు చెప్పినచో విచారణకర్త యేమని తీర్పు చెప్పును?

ఐనను మేము న్యాయము తప్పరాదు. కొన్ని శ్రుతుల విషయమున ఈ సాక్షులలో ఏకవాక్యత కలదు. డి మేజరును షార్పాంటియే సంతోషకరము, యుద్ధోచితమనెను, మాథెసన్ దానిని యుద్ధోత్సాహములకు తగినదనెను, షూబార్ట్ విజయధ్వానమనెను. ఈ యైకమత్యమునకు కారణ మేమి? ఆనాటి బాకాలకు మీటలు లేవు. గొట్టము పొడవును బట్టి ఒక్కొక్క బాకా ఒక్కొక్క శ్రుతిలోని కొన్ని స్వరములను మాత్రమే పలుకగలిగెడిది. రాజాస్థానములలోను సేనలలోను వాడిన బాకాలు ఎక్కువగా డి శ్రుతికో, సి శ్రుతికో చెందినవి. కావున విజయోత్సవములకు సంగీతము కూర్చువాడు బాకాలు కావలయునన్నచో డి లోనో, సి లోనో వ్రాయకతప్పదు. తరతరములు ఇట్లు జరుగగా డి మేజరు వినినంతనే జనులకు జయజయధ్వానములు స్ఫురింపసాగెను. వీరరసము బాకాలో నుండెను. శ్రుతి దానిని ఎరువు తెచ్చుకొనెను.

తంత్రీవాద్యములందును ఇట్టి కారణమే కానవచ్చును. పాశ్చాత్యుల ఫిడేలు తంత్రులు జి, డి, ఎ, ఇ అను స్వరములకు బిగింపబడును. డి, ఎ శ్రుతులలో వాయించునపుడు వ్రేలు పెట్టని తంత్రులు సహానుభూతితో మ్రోగి నాదమును వెలిగించును. ఎ-ఫ్లాటు వంటి శ్రుతులలో ఆ తోడ్పాటు తక్కువ గనుక నాదము కొంచెము మబ్బుగా నుండును.

పియానోకు పూర్వపు మెట్లవాద్యములలో మరియొక కారణము కలదు. షడ్జమునుండి పంచమమునకు, ఆ పంచమమునే షడ్జముగా గొని దాని పంచమమునకు, ఇట్లు 12 మారులు శుద్ధపంచమముల నెక్కినచో ఏడు స్థాయిలు దాటి మరల తొలి స్వరమునకు చేరవలసియుండగా, కొంచెము మించిపోవును. ఆ మిగులు ఇంచుమించు ఒక మెట్టులో నాలుగవ పాలు. ప్రకృతిలోని ఈ మిగులును వాద్యమున ఎక్కడనో యొకచోట సర్దుకొనక తీరదు. 16, 17 శతాబ్దములవారు గాంధారములు తీయగా పలుకునట్లు తంత్రులను బిగించి, లోపమును అరుదుగా వాడు శ్రుతులలోనికి నెట్టివేసిరి. అందువలన సి, జి, డి మేజరులు మధురముగా మ్రోగెను. ఎఫ్ మైనరువంటివి బిరుసుగా వినవచ్చెను. ఆ దోషము మిక్కుటమైనచోట పుట్టు కూతను వారు 'తోడేలు' అనియే పిలిచిరి. షార్పాంటియే ఎఫ్ మైనరును చీకటిగా, మొఱగా వర్ణించుటకు ఈ బిగింపు ఒక కారణమై యుండవచ్చును. అనగా ఆనాటి శ్రుతులకు రంగులు నిజముగానే కలవు. కాని అవి శ్రుతి స్వభావమువలన వచ్చినవి కావు. మనుష్యుడు వాద్యమును బిగించిన పద్ధతివలన వచ్చినవి.

ఆ మిగులును 12 మెట్లకును సమానముగా పంచు లెక్కను 1584లో చీనాదేశపు రాజకుమారుడు జు జైయూ ప్రకటించెను. ఐరోపాలో ఆ పద్ధతి నెమ్మదిగా ప్రబలి, 19వ శతాబ్దమున పియానోలకు సామాన్యమయ్యెను. సమవిభాగము వచ్చినపిమ్మట మేజరు శ్రుతులన్నియు ఒకే అచ్చున పోసిన బొమ్మలైనవి; ఎత్తు తప్ప వేరు భేదము లేదు. అప్పుడైన ఈ నమ్మకము పోవలసినది. కాని పోలేదు. కారణము నశించినను ఆచారము నిలుచుట మనము సంఘమున నిత్యము చూచుచున్న వింతయే గదా.

పోనీ, గుణము ఆ ఎత్తునందే కలదందమా? ఎత్తే యెన్నడును స్థిరముగా లేదు. 1751 నాటిదని చెప్పబడు హాండెల్ శ్రుతిదండము ఎ స్వరమును సెకనుకు 422.5 కంపనములుగా పలుకును. 1859లో ఫ్రాన్సు ప్రభుత్వము 435గా నిర్ణయించెను. 1939లో లండనున కూడిన సభ 440ని అంగీకరించెను. హాండెల్ నాటి ఎ కంటె ఇది మెట్టులో మూడింట రెండు వంతులు ఎక్కువ. నేడు ఆ పూర్వరచనలను పూర్వరీతిని వాయించువారు తరచుగా 415 కంపనముల ఎ స్వరమును వాడుదురు. అది 440కి సరిగా ఒక మెట్టు తక్కువ. వారు ఇ మేజరు వాయించునపుడు నేటి పియానోలోని ఇ-ఫ్లాటు మేజరు ధ్వని వినబడును. షూబార్ట్ పట్టికలో ఒకటి కేరింత, మరియొకటి దైవభక్తి. శ్రోత అప్పుడు కేరింతలు కొట్టవలెనా, చేతులు జోడింపవలెనా?

ఐరోపాలోనే ఈ సంగతిని గ్రహించినవారు లేకపోలేదు. 1728లో డ్రెస్డెన్ ఆస్థానసంగీతకర్త హైనికెన్, శ్రుతుల కిట్టి నియతగుణములు లేవనియు, ఏ శ్రుతిలోనైనను ఏ భావమునైనను పలికింపవచ్చుననియు వాదించెను. కృతులే దీనికి సాక్షులు. హాండెల్ 1739లో ప్రదర్శించిన 'సాల్' అను నాటకములోని శవయాత్రాసంగీతము సి మేజరులో నున్నది. బ్రిటనులో రాజకీయలాంఛనములతో జరుగు అంత్యక్రియలకు దానిని వాయించుట తరతరములుగా వచ్చిన వాడుక. షార్పాంటియేకు సి మేజరు ఉల్లాసము. షూబార్టుకు శిశువుల నిష్కపటపు పలుకు. శవమును మోయు సైనికునకు అది శోకము.

గ్లుక్ మహాశయుని 'ఓర్ఫియో' మరియొక సాక్షి. మరణించిన భార్యను తిరిగి పొందియు మరల పోగొట్టుకొనిన భర్త విలపించు పాట అందు మిక్కిలి ప్రసిద్ధము. 1762లో వియన్నాలో అది సి మేజరులో నుండెను. 1774లో పారిసు ప్రదర్శనమునకు గాయకుని గొంతును బట్టి దానిని ఎఫ్ మేజరునకు మార్చిరి. శ్రుతి మారినను శోకము మారలేదు. మరియు ఆ రెండును, సంతోషమేళమని పేరుపడిన మేజరు శ్రుతులే. 1854లో హాన్స్‌లిక్ అను విమర్శకుడు ఈ పాటనే ఉదాహరించి, భార్య పోయెనను మాటలకు బదులు భార్య దొరకెనను మాటలు చేర్చినను ఆ వరుస చక్కగా నతుకునను పూర్వవిమర్శకుని వాదమును బలపరచెను. ఆ పాట వినినవా రెవ్వరును ఈ మాటను తేలికగా త్రోసివేయలేరు.

ఐనచో మేజరు మైనరుల భేదముకూడ మిథ్యయేనా? అట్లనరాదు. ఇక్కడ ఎత్తు కాదు, మేళమే మారుచున్నది. స్వరముల నడిమి యంతరములే మారుచున్నవి. 1935లో అమెరికాలో కేట్ హెవ్నర్ అను మనశ్శాస్త్రజ్ఞురాలు ఒకే రచనను మేజరులోను మైనరులోను వినిపించి శ్రోతలచే గుణపదములను ఎన్నించెను. మేజరునకు సంతోషమును, మైనరునకు విషాదమును వా రెన్నుకొనిరి. కాని తరువాతి పరీక్షలలో నడక వేగము, అనగా మన లయకాలము, భావమును మార్చుటలో బలవత్తరమైనదని ఆమెయే కనుగొనెను. 2001లో ప్రకటింపబడిన కెనడా పరిశోధన మరింత బోధకరము. ఐదేండ్ల పిల్లలు పాట సంతోషమో దుఃఖమో వేగమును బట్టి చెప్పిరి. మేళమును బట్టి చెప్పుట ఆరేండ్లు మొదలుకొని యెనిమిదేండ్ల వరకుగల పిల్లలలోనే కానవచ్చెను. వేగమును గుర్తించుట ముందు, మేళమును గుర్తించుట తరువాత. వేగముగా నడచుట ఉత్సాహము, కాళ్లీడ్చుట విచారము; దీనిని శిశువు తల్లి నడకలోనే నేర్చుకొనును. మేళార్థమును సంఘమునొద్ద నేర్చుకొనుచున్నట్లున్నది.

ఐనను అంతయు అభ్యాసమే యనుటకును వీలులేదు. 2009లో ప్రకటితమైన యొక పరిశోధనలో, పాశ్చాత్యసంగీతమును ఎన్నడును వినని కామెరూన్ దేశపు మాఫా జాతివారు ఆ సంగీతములోని సంతోషమును, విషాదమును, భయమును ఊహకు మించి సరిగా గుర్తించిరి. 1999లో మన హిందూస్థానీ రాగములను పాశ్చాత్యశ్రోతలకు వినిపింపగా సంతోషమును, దుఃఖమును, కోపమును గుర్తించిరి; శాంతమును మాత్రము గుర్తింపలేకపోయిరి. నడక, స్వరముల సంక్లిష్టత మున్నగు గుర్తులే వారికి దారిచూపెను. దీనివలన తేలినదేమన: మానవజాతి కంతకును సామాన్యమగు గుర్తులు కొన్ని కలవు. అవి వేగము, తీవ్రత, గొంతు నెత్తుట దించుట వంటివి. వానిపై ప్రతిదేశమును తన యలవాటు నొక పొరగా పూసికొనును. శాంతమువంటి సూక్ష్మరసములు ఆ రెండవ పొరలోనివి. ఇక 'ఇ మేజరు ప్రేమ, ఎఫ్ మేజరు కోపము' అను పట్టికలకు ఈ రెండు పొరలలోను దృఢమగు ఆధారము కానరాదు.

ఇక మన యింటికి వత్తము. ఐరోపావారి మొదటి చిక్కు మన సంప్రదాయమున పుట్టనేలేదు. మన పురుషగాయకులు ఒకటి, ఒకటిన్నర శ్రుతులలోను, స్త్రీలు ఐదు, ఐదున్నర శ్రుతులలోను పాడుదురు. ఒకటవ శ్రుతిలో పాడిన బిలహరి బిలహరియే. ఐదవ శ్రుతిలో పాడినను బిలహరియే. శ్రుతి గొంతు సౌకర్యమునకే గాని రసనిర్ణయమునకు కాదని మన పల్లెటూరి భాగవతునికి సైతము తెలియును. ఈ విషయమున మన వాడుకయే వారి శాస్త్రమునకు సమాధానము.

కాని స్వరములకు, రాగములకు రసములను పంచుటలో మనము వారికి తీసిపోలేదు. నాట్యశాస్త్రమున మధ్యమపంచమములు శృంగారహాస్యములకును, షడ్జర్షభములు వీరరౌద్రాద్భుతములకును, గాంధారనిషాదములు కరుణమునకును, ధైవతము బీభత్సభయానకములకును కేటాయింపబడెను. 13వ శతాబ్దమున దేవగిరి యాదవుల యాస్థానమున శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరమున రాగములకు రసముతోపాటు దేవతలను, ఋతువులను, వేళలను చెప్పెను. ఈ గ్రంథములయందు మాకు గౌరవము కలదు. భరతముని పంపకము నాటకప్రయోగమునకు కావలసిన కట్టుబాటు. రంగమున ఏ సన్నివేశమునకు ఏ స్వరము ప్రధానము కావలెనో నటులకు, గాయకులకు ఒక యొడంబడిక యుండవలెను గదా. ఆ యొడంబడికను ప్రకృతిధర్మమని తరువాతివారు నమ్ముటయే పొరపాటు.

ముఖారినే చూతము. 1550లో రామామాత్యుడు స్వరమేళకళానిధిలో ముఖారిని మొదటి మేళముగా, ఆనాటి శుద్ధస్వరములన్నియు గల దానినిగా చెప్పెను. పదునేడవ శతాబ్దమున వేంకటమఖియు అట్లే యుంచెను. నేడు మన గాయకులు పాడు ముఖారి ఖరహరప్రియజన్యము, స్వరములే వేరు. గ్రీకుల డోరియను కథయే యిక్కడను! పేరు నిలిచెను, ఒడలు మారెను. ఏ ముఖారి యేడ్చునది? ఆ పాతదా, ఈ కొత్తదా? అదియునుగాక, సంగీతశాస్త్రజ్ఞానము పరమసౌఖ్యదాయకమని చాటు కృతిని త్యాగరాజస్వామి ముఖారిలోనే రచించెను. ఆనందమును గూర్చి చెప్పుటకు ఆ మహానుభావునకు 'ఏడుపురాగము' అడ్డురాలేదు.

శంకరాభరణమేళము మరియొక నిదర్శనము. నీలాంబరి దానినుండియే పుట్టినది; బిలహరియు దానినుండియే పుట్టినది. ఒకటి నిద్రపుచ్చును, మరియొకటి మేలుకొలుపును. మేళమందే రసముండినచో అక్కచెల్లెండ్రకు ఇంతటి వైరుధ్య మేల? సంచారము, గమకము, కాలము, సాహిత్యము, వినువేళ: ఇవి కలిసి రసమును పండించుచున్నవి. ముత్తుస్వామి దీక్షితులు ఇంగ్లీషు బ్యాండుమేళముల వరుసలకు సంస్కృతసాహిత్యమును కూర్చిన సంగతి సుప్రసిద్ధము. వానిలో నొకటి ఇంగ్లండు రాజునకు క్షేమము కోరు పాట వరుస. అదే వరుస, అదే మేళము. అక్కడ రాజభక్తి, ఇక్కడ దేవీస్తుతి.

"ఐనచో రాగరసములన్నియు భ్రమయేనా? ముఖారి వినినపుడు మా కన్నుల నీరు వచ్చుట అబద్ధమా?" అని పాఠకు లడుగవచ్చును. అబద్ధము కాదు. 'అమ్మ' యను పదమునకు ఆ యర్థము ధ్వనినిబట్టి వచ్చినది కాదు. వేరు దేశమువాడు వేరు పదము వాడును. ఐనను ఆ పదము వినినపుడు మన హృదయము కరుగుట సత్యమే. ఆచారమువలన కలిగిన భావమును నిజమైన భావమే. తరతరముల గాయకులు ఒక రాగమున తమ దుఃఖమును నిక్షేపించిరేని, ఆ నిక్షేపము మనకు పిత్రార్జితమైన ధనము. దానిని పారవేయుమని మేము చెప్పుట లేదు. అది పెద్దలు కూడబెట్టినదని యెరుగుడు, ఆకాశమునుండి పడినదని భ్రమింపకుడు అనియే మా విన్నపము.

ఈ భేదమును ఎరుగుటవలన ప్రయోజన మేమందురా? ఆచారమును ఆచారమని యెరిగినవాడు దానిని ప్రేమింపవచ్చును, మార్చుకొనవచ్చును, అవసరమైనచో విడువవచ్చును. ఆచారమును స్వభావమని నమ్మినవాడు దానిని శాసనము చేయును. ప్లేటో చేసిన దదియే; మేళమున దోషమున్నదని నమ్మెను గనుక దానిని దేశమునుండి వెడలగొట్టదలచెను. మన దేశమున సంగీతమే కులస్త్రీలకు తగదను మాట ఇరువదవ శతాబ్దారంభమున పెక్కు గృహములలో వినవచ్చుచుండెను. ఆ దోషము సరిగమలలో లేదు. ఆ సరిగమలను జీవనోపాధిగా పాడిన స్త్రీలను లోకము చూచిన చూపులో నుండెను. చూపులోని మలినమును స్వరముపై మోపి, ఆ పేరున ఆడుబిడ్డల గొంతులు నొక్కిరి. పాడదగిన కంఠము లెన్ని గోడలచాటున అణగిపోయెనో లెక్కించువా రెవరు?

నేటికిని దాని శేషము మన యిండ్లలో లేదని చెప్పజాలము. పెండ్లియింట పిల్ల ముఖారి పాడబోయిన అశుభమని నోరు మూయించుట, ఉదయమున ఆహిరి సాధకము చేయు విద్యార్థిని అన్నము పేరు చెప్పి బెదరించుట చిన్నసంగతులుగా తోచవచ్చును. కాని పిల్లవాడు వాని వలన నేర్చుకొనున దేమి? తన చెవికంటె పరుల భయము ప్రమాణమని నేర్చుకొనును. పాటలో ఆ పాఠము నేర్చినవాడు తక్కిన విషయములలో దానిని మరచునా?

కావున తల్లిదండ్రులకును ఉపాధ్యాయులకును మేము సూచించునది సులభసాధ్యమే. పిల్లలకు రాగము పేరు చెప్పకముందు రాగమును వినిపింపుడు. ఒకే పాటను హార్మోనియముమీద రెండు శ్రుతులలో పాడి చూపుడు. పిదప ఒకమారు విలంబముగా, ఒకమారు ద్రుతముగా పాడుడు. ఏది మారినపుడు మనసు మారినదో వారినే అడుగుడు. వారు చెప్పిన యుత్తరమును దిద్దుటకు తొందరపడకుడు. పిమ్మట, పెద్దలు ఈ రాగమును ఇట్టి రసమునకు వాడిరని చరిత్రముగా చెప్పుడు, శాసనముగా చెప్పకుడు. తన చెవితో విని, తన బుద్ధితో నిర్ణయించుకొనిన బిడ్డ త్యాగరాజకృతిని మరింత ప్రేమతో పాడుకొనును. ఆహిరిని ఉదయమున పాడి, ఆకలితో వచ్చి, అన్నమును కడుపునిండ తినును.